స్కాన్ మమ్మల్నే తియ్యమంటున్నారు, విరిగిన సెట్లు నేరుగా తెస్తున్నారు: డెంటల్ ల్యాబ్ వాళ్లం చట్టప్రకారం ఎంతవరకు చెయ్యొచ్చు?

బెంచ్‌మీద

అందరికీ నమస్కారం. డెంటల్ మెకానిక్ కోర్సు పూర్తిచేసి రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యాను, రెన్యూవల్ కూడా తప్పకుండా చేయిస్తున్నాను. చాలాకాలం వేరేవాళ్ల దగ్గర పనిచేసి ఇప్పుడు సొంతంగా చిన్న ల్యాబ్ పెట్టుకున్నాను. క్రౌన్లు (పన్ను మీద తొడుగులు), బ్రిడ్జిలు, పార్షియల్స్ (కొన్ని పళ్ళకే కట్టే సెట్లు), ఫుల్ సెట్లు అన్నీ చేస్తాం. పని విషయంలో అనుమానాల్లేవు గానీ చట్టం విషయంలో మాత్రం ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. "అందరూ చేసేదేగా, ఏమవుతుంది" అనేవాళ్లే ఎక్కువ. నాకు ఆ జవాబు సరిపోవట్లేదు, ఎందుకంటే రేపేదైనా అయితే సంతకం నాది, రిజిస్ట్రేషన్ నాది.

మాకు రెగ్యులర్‌గా కేసులు పంపే డాక్టరు గారు ఒకరు ఈమధ్య కొత్త పద్ధతి మొదలుపెట్టారు. ఇంట్రా ఓరల్ స్కానర్ (నోట్లో తిప్పి పళ్ళ రూపం తీసే కెమెరా) ల్యాబ్ తరఫునే కొని మా కుర్రాణ్ణి క్లినిక్‌కి పంపాలట. పేషెంట్ నోట్లో స్కాన్ మావాడు తీస్తాడు, ఆయన పక్క గదిలో వేరే పేషెంట్‌ని చూసుకుంటారు. అంతకుముందు కూడా షేడ్ (పన్ను రంగు) చూడ్డానికి రమ్మని పిలిచి, వెళ్లాక "ఎలాగూ వచ్చావుగా, ఆ బైట్ కూడా తీసెయ్" (పైకింది పళ్ళు ఎలా కలుస్తాయో అచ్చు తీయడం) అన్న సందర్భాలున్నాయి. ఇది మేం చెయ్యొచ్చా?

రెండోది, పేషెంట్లు నేరుగా వస్తున్నారు. పైసెట్టు నడిమికి విరిగిపోయిందనో, ముందు పన్ను ఊడిపోయిందనో కవర్లో పెట్టుకొని తెస్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్లండంటే "అతికించడానికి డాక్టరెందుకు బాబూ" అంటారు, పెద్దవాళ్లు, కాదనలేను. రిపేర్ వరకైనా నేరుగా తీసుకోవచ్చా?

ఇంకోటి, సగం కేసులు డాక్టర్ చీటీ లేకుండా వస్తాయి. ఇంప్రెషన్ (పళ్ళ అచ్చు) మీద పెన్నుతో "ఏ2, అర్జెంట్" అని రంగు నంబరు మాత్రం రాసి ఉంటుంది, అంతే. కనీసం ఏ కాగితం ఉంటే నేను సేఫ్? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

మోడల్‌రూమ్

తమ్ముడూ, మంచి ప్రశ్న వేశావు. నేను కూడా రిజిస్టర్డ్ మెకానిక్‌నే, కాలేజీ ల్యాబ్‌లో పిల్లలకి పని నేర్పుతుంటాను. వాళ్లకి మొదటివారంలోనే చెప్పే సంగతి ఇది.

మన మూలం 1948 డెంటిస్టుల చట్టం. అందులో డెంటల్ మెకానిక్ అంటే కట్టుడు పళ్ళ సెట్లు, దంత ఉపకరణాలు తయారుచేసేవాడు లేదా రిపేరు చేసేవాడు అని ఉంది. అంతే, ఒక్క వాక్యం. దాని పక్కనే డెంటిస్ట్రీ అంటే ఏమిటో రాశారు, అది మాత్రం చాలా విశాలంగా ఉంటుంది. పళ్ళకీ దవడలకీ చేసే ఆపరేషన్, వైద్యం, ఎక్స్‌రే, మత్తు ఇవన్నీ సరే. వాటితోపాటు సెట్లు, ఉపకరణాలు అమర్చడం, పెట్టడం, తయారుచేయడం, రిపేరు చేయడం వీటి కోసంగానీ వీటికి ముందుగానీ ఒక మనిషికి చేసే ఏ పనైనా, ఇచ్చే ఏ సలహా అయినా, ఏ రకమైన సేవైనా డెంటిస్ట్రీలోకే వస్తుందని రాశారు. ఈ వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదువు. నీ మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు ఇందులోనే ఉంది.

ఇంప్రెషన్ తీయడం, బైట్ తీయడం, ట్రయల్ పెట్టి చూడటం, సెట్టు నోట్లో పెట్టి గుచ్చుకున్నచోట ట్రిమ్ చేయడం, ఇవన్నీ ఉపకరణం తయారీకోసం మనిషికి చేసే పనులు. అంటే డాక్టర్ పనులు. స్కానర్ వచ్చింది కదా, ఆల్జినేట్ (అచ్చు తీసే ముద్ద) లేదు కదా, కాబట్టి ఇది ఇంప్రెషన్ కాదు అని కొందరు వాదిస్తారు. చట్టం ఏ పదార్థంతో తీశావని అడగట్లేదు, దేనికోసం తీశావని అడుగుతోంది. క్రౌన్ చేయడానికే నోట్లో కెమెరా తిప్పుతున్నావు, కాబట్టి వాదన నిలబడదు.

పైగా స్కాన్ అంటే మీట నొక్కడం ఒక్కటే కాదు. మార్జిన్ (క్రౌన్ అంచు కూర్చునే గీత) కనబడాలంటే చిగురు పక్కకి జరగాలి, కార్డ్ (చిగురుని జరిపే దారం) పెట్టాలి, రక్తం వస్తే ఆపాలి, నాలుక బుగ్గ పట్టుకోవాలి. సగంలో పేషెంట్‌కి వాంతి వచ్చినట్టయిందనుకో, రక్తం పలచబరిచే మందు వాడుతున్నాడనుకో, ఏం చెయ్యాలో మీ కుర్రాడికి ఎవరు నేర్పారు? పక్క గదిలో ఉన్న డాక్టర్ లేచి వచ్చేలోపు జరిగేది జరిగిపోతుంది. తర్వాత కేసు వేస్తే నోట్లో చెయ్యి పెట్టినవాడి పేరే ముందు వస్తుంది.

షేడ్ సంగతి కొంచెం వేరు. డాక్టర్ పక్కనే ఉండగా షేడ్ గైడ్ పన్ను పక్కన పట్టుకొని చూసి, నేరుగా నువ్వే రంగు నోట్ చేసుకుంటే ఆయన తీసుకునే నిర్ణయంలో నువ్వు సాయపడుతున్నావు, అంతవరకే. నిజానికి ముందు పళ్ళకి అది మంచి పద్ధతి కూడా, ఫోన్‌లో వచ్చే ఫొటో మీద ఏ2కీ ఏ3కీ తేడా చెప్పడం కష్టం. కానీ అక్కడితో ఆగు. బైట్ తీసెయ్ అన్నప్పుడు "డాక్టర్ గారూ మీరు తీయండి, నేను ఆర్టిక్యులేటర్ (దవడ కదలికని చూపే పరికరం) మీద ఇక్కడే చెక్ చేసి చెప్తాను" అను.

ఇంకో సంగతి, నీ ల్యాబ్ బోర్డు ఏం రాసి ఉంది? అదే చట్టంలో 49వ సెక్షన్ పని చేయడాన్నే కాదు, చేయడానికి సిద్ధంగా ఉన్నానని ఏ రకంగా సూచించినా తప్పే అంటుంది. "కట్టుడు పళ్ళు కట్టబడును" అని రోడ్డు మీదికి బోర్డు పెడితే అది జనాన్ని పిలవడమే. డెంటల్ ల్యాబ్ అని, నీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాసుకో చాలు.

పళ్ళడాక్టర్

ప్రోస్థోడాంటిస్ట్‌ని, అంటే కట్టుడు పళ్ళ స్పెషలిస్టుని. పైన అన్నగారు చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. ముందుగా మా వైపు తప్పు మాట్లాడుకోవాలి, ల్యాబ్ వాళ్లని క్లినిక్‌కి పిలిచి నోట్లో పని చేయించే డాక్టర్ తన రిజిస్ట్రేషన్‌ని తనే రిస్క్‌లో పెట్టుకుంటున్నాడు. డెంటిస్టుల నీతి నియమావళి 2014లో వచ్చింది, అర్హత లేనివాళ్లతో వైద్యం చేయిస్తే కౌన్సిల్ ముందు నిలబడాల్సింది డాక్టరే. కాబట్టి ఆయనకి ఇది చెప్పడం ఎదురు చెప్పినట్టు కాదు, ఆయన్ని కాపాడినట్టే.

రిపేర్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే "అతికించడమేగా" అనే మాట వెనక చాలా ఉంది.

పైసెట్టు సరిగ్గా నడిమికి, ముందు పెదవి కింద ఉండే ఆ నాచ్ దగ్గర మొదలై అంగిలి మీదుగా చీలిపోతుంది. చేయి జారి సింక్‌లో పడి విరిగితే అదొక కథ. అలా కాకుండా తింటూ ఉండగా విరిగిందంటే చాలాసార్లు కింద ఎముక అరిగిపోయి ఉంటుంది. పక్కలు దిగిపోయి, నడిమి అంగిలి దగ్గర మాత్రం గట్టిగా ఆనుతూ, నమిలిన ప్రతిసారీ సెట్టు అటూ ఇటూ వంగుతూ ఉంటుంది. అక్రిలిక్ ఎన్నాళ్లని వంగుతుంది? మీరు రెండు ముక్కలు జోడించి, మోడల్ పోసి, అంచులు ఏటవాలుగా కోసి, కోల్డ్ క్యూర్ (వేడి లేకుండా గట్టిపడే అక్రిలిక్) వేసి ప్రెజర్ పాట్‌లో పెట్టి ఎంత బాగా చేసినా కారణం నోట్లోనే ఉంది కాబట్టి అదే గీత మీద మళ్లీ విరుగుతుంది. దానికి రీలైనింగ్ (సెట్టు లోపలి వైపు కొత్త పొర వేయడం) కావాలా, కొత్త సెట్టు కావాలా అనేది నోరు చూసి చెప్పాల్సిన మాట. పైగా పేషెంట్ ఇంట్లోనే సూపర్ గ్లూ పెట్టి తెచ్చి ఉంటే ముక్కలు వెంట్రుకవాసి తేడాతో అతుక్కుని ఉంటాయి, మీరు దాని మీదే మోడల్ పోస్తే ఆ తేడా శాశ్వతం అయిపోతుంది, వేసుకుంటే బైట్ ఎక్కువవుతుంది.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. సెట్టు అంచు కింద పుండు. "ఇక్కడ గుచ్చుకుంటోంది బాబూ, కాస్త గీకు" అని వేలు పెట్టి చూపిస్తారు. మీరు దయతో ఆ అంచు గీకి పంపుతారు, నొప్పి కాస్త తగ్గినట్టే ఉంటుంది. సెట్టు వల్ల వచ్చిన పుండైతే సరిచేశాక రెండు వారాల్లో మానాలి. మానకపోతే బయాప్సీ దాకా ఆలోచించాలి, అది నోటి క్యాన్సర్ అయ్యే అవకాశం ఉంది. పొగాకు, గుట్కా, వక్క అలవాటు ఉన్నవాళ్లయితే మరీను. మీ చేతి పనితనం మీద అనుమానంతో చట్టం మిమ్మల్ని నోటికి దూరంగా ఉంచట్లేదు, ఆ పుండుని గుర్తుపట్టే చదువు మీ కోర్సులో లేదు, అంతే. పెద్దవాళ్ల మీద జాలి ఉంటే వాళ్లని కచ్చితంగా డాక్టర్ దగ్గరికి పంపండి.

కాగితం సంగతికొస్తే, నేను పంపే చీటీ మీద పేషెంట్ పేరో కోడో, వయసు, తేదీ, నా పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం ఉంటాయి. తర్వాత ఏ పన్ను, ఏ ఉపకరణం, ఏ మెటీరియల్ (ఉత్తినే మెటల్ అని కాదు, నికెల్ ఎలర్జీ ఉన్న పేషెంట్ అయితే నికెల్ లేనిది అని స్పష్టంగా రాయాలి), షేడ్, డిజైన్ గీత, ఇంప్రెషన్ డిస్‌ఇన్ఫెక్ట్ చేశామా లేదా, ఎప్పటికి కావాలి. ఇందులో ఏది లేకపోయినా ఫోన్ చేసి అడగండి. "మార్జిన్ కనిపించట్లేదు, మళ్లీ పంపండి" అనడానికి మొహమాటపడొద్దు, ఊహించి గీసిన మార్జిన్ మీద చేసిన క్రౌన్ కింద పన్ను పుచ్చిపోతే నష్టం పేషెంట్‌దే.

వేడినీళ్లు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నా ప్రశ్న కూడా ఇక్కడే అడుగుతున్నా. నేను కోర్సు చెయ్యలేదు. పదో తరగతి తర్వాత ల్యాబ్‌లో చేరి ప్లాస్టర్ పోయడం నుంచి మొదలుపెట్టి ఇప్పుడు సెరామిక్ బిల్డప్ దాకా నేనే చేస్తున్నా. మా ఓనర్‌కి రిజిస్ట్రేషన్ ఉంది. నా పరిస్థితి ఏంటి?

మోడల్‌రూమ్

నీకు కష్టంగా అనిపించినా ఉన్నదే చెప్తాను. 49వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ డెంటిస్టు, రిజిస్టర్డ్ హైజీనిస్టు, రిజిస్టర్డ్ మెకానిక్ తప్ప వేరేవాళ్లు డెంటిస్ట్రీ చేయకూడదు, పళ్ళు క్లీనింగ్ చేయకూడదు, సెట్లూ దంత ఉపకరణాలూ తయారుచేయకూడదు, రిపేరు చేయకూడదు. అంటే ల్యాబ్ పని కూడా అందులో ఉంది, ఇది చాలామందికి తెలియదు. శిక్ష మొదటిసారి 500 రూపాయల దాకా జరిమానా, మళ్లీ దొరికితే 6 నెలల దాకా జైలు లేదా 1000 దాకా జరిమానా లేదా రెండూ. ఈ అంకెలు 1948 నాటివి కాబట్టి చిన్నవిగా కనిపిస్తాయి, వాటిని చూసి ఏముందిలే అనుకోవద్దు, అసలు దెబ్బ కేసు పడ్డాక ఏ డాక్టరూ పని పంపకపోవడం.

మినహాయింపులు లేకపోలేదు. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్‌కి ఒకటి ఉంది, ప్రభుత్వ నిధులతో నడిచే ఆసుపత్రుల్లో జరిగే దంత పనికి ఒకటి ఉంది, డెంటిస్టు దొరకని అత్యవసరంలో మత్తు ఇవ్వకుండా పన్ను తీయడానికి ఒకటి ఉంది. ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేసేవాడికి ఇవేవీ వర్తించవు. తొలి రిజిస్టర్ తయారుచేసిన రోజుల్లో అనుభవం చూసి కూడా చేర్చారు, ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది. ఇప్పుడు గుర్తింపు పొందిన మెకానిక్ కోర్సు చేయడమే మార్గం, 2 ఏళ్లు. ఏ కాలేజీలో చేరినా ముందు ఆ కోర్సుకి గుర్తింపు ఉందో లేదో చూసుకో, "డెంటల్ టెక్నాలజీ సర్టిఫికెట్" అని అందమైన పేరుతో రిజిస్ట్రేషన్‌కి పనికిరాని కాగితాలు ఇచ్చేవాళ్లున్నారు.

నీ చేతిలో పని ఉంది తమ్ముడూ, సెరామిక్ దాకా వచ్చావంటే చిన్న సంగతి కాదు. ఆ 2 ఏళ్లు నీకు బరువుగా ఉంటాయని తెలుసు, అయినా చెయ్యి. మీ ఓనర్‌తో కూడా మాట్లాడు, ఆయన రిజిస్ట్రేషన్ ఆయనకే వర్తిస్తుంది, నీకు గొడుగు పట్టదు.

సీమదాటి

నేను బ్రిటన్‌లో డెంటల్ టెక్నీషియన్‌గా చేస్తున్నా. ఇక్కడ 2008 జులై నుంచి జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కాకుండా టెక్నీషియన్ అని పనిచేయడం కుదరదు. స్కాన్ ప్రశ్న ఇక్కడా వచ్చింది. మామూలు టెక్నీషియన్ అదనపు శిక్షణ తీసుకుంటే క్లినిక్‌లో డెంటిస్టుతో కలిసి పనిచేస్తూ ఇంట్రా ఓరల్ స్కాన్, షేడ్, ఫేస్‌బో (పై దవడ స్థానం కొలిచే పరికరం) లాంటివి చేయొచ్చు, సొంతంగా పేషెంట్‌ని చూడటం, సెట్టు అమర్చడం మాత్రం లేదు. అదనంగా చదివి క్లినికల్ డెంటల్ టెక్నీషియన్ అయితే పళ్ళు అసలే లేనివాళ్లకి ఫుల్ సెట్లు నేరుగా చేసి ఇవ్వొచ్చు. ఒక్క పన్ను మిగిలి ఉన్నా, ఇంప్లాంట్ ఉన్నా ముందు డెంటిస్టు చూసి రాసివ్వాలి.

కెనడాలో డెంచరిస్టులని ప్రత్యేక వృత్తి ఉంది, అమెరికాలో ఒరెగాన్ ప్రజలు 1978లో ఓటు వేసి మరీ డెంచరిస్టులకి అనుమతి ఇచ్చారు. ఆస్ట్రేలియాలో ఇంకో తీరు, 2010లో దేశమంతటికీ ఒకే రిజిస్ట్రేషన్ వచ్చినప్పుడు ల్యాబ్ టెక్నీషియన్లు అందులో లేరు, పేషెంట్‌ని నేరుగా చూసే ప్రోస్థెటిస్టులు మాత్రం ఉన్నారు. అంటే కొన్ని దేశాలు మనవాళ్లని నోటి దాకా రానిచ్చాయి, కానీ ఎక్కడా ఊరికే రానివ్వలేదు. అదనపు చదువు, పరీక్ష, వేరే రిజిస్టర్, ఇన్ని దాటాకే.

జపాన్ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. అక్కడ టెక్నీషియన్లకి 1955 నుంచీ సొంత చట్టం ఉంది, జాతీయ లైసెన్స్ ఉంది. డెంటిస్టు రాతపూర్వక ఆదేశ పత్రం లేకుండా పని మొదలుపెట్టకూడదు (ఆ డెంటిస్టు క్లినిక్‌లోనే ఆయన నేరుగా చెప్తుంటే చేసేది వేరు), పని అయ్యాక ఆ పత్రం 2 ఏళ్లు దాచాలి. ఇంప్రెషన్, బైట్, ట్రయల్, ఫిటింగ్ టెక్నీషియన్ చేయకూడదని పేరుపేరునా రాశారు. అన్నగారు మన చట్టంలో వెతికి చెప్పినదే అక్కడ విడమర్చి ఉంది.

ఫైలుపని

మెడికల్ డివైజ్ రెగ్యులేషన్ వైపు ఉద్యోగం నాది. ఇక్కడ ఎవరూ ఎత్తని ఇంకో చట్టం ఉంది, అది కూడా మీ మీద ఉంది.

2017 మెడికల్ డివైసెస్ రూల్స్ 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దాదాపు అన్ని వైద్య పరికరాలూ వాటి కిందికి వచ్చాయి. లైసెన్స్ తప్పనిసరి కావడం తక్కువ రిస్క్ ఉన్న ఎ, బి క్లాసులకి 2022 అక్టోబర్ 1 నుంచి, సి, డి క్లాసులకి 2023 అక్టోబర్ 1 నుంచి. ఇది విని ప్రతి క్రౌన్‌కీ లైసెన్స్ కావాలా అని భయపడకండి. అర్హత ఉన్న ప్రాక్టీషనర్ రాసిచ్చిన ప్రిస్క్రిప్షన్ ప్రకారం, ఆయన బాధ్యత మీద, ఒకే ఒక్క పేషెంట్ కోసం చేసినదాన్ని ఈ రూల్స్ కస్టమ్ మేడ్ పరికరం అంటాయి, దానికి తయారీ లైసెన్స్ లాంటి నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. లేబుల్ మీద కస్టమ్ మేడ్ అని ఉండాలనేది అందులో షరతు.

ఇప్పుడు మీ "ఏ2, అర్జెంట్" చీటీ సంగతి చూడండి. మినహాయింపు నిలబడేదే రాతపూర్వక ప్రిస్క్రిప్షన్ మీద. అది లేకపోతే మీరు చేసినది కస్టమ్ మేడ్ అని మీరే నిరూపించుకోలేరు. పేషెంట్ నేరుగా తెచ్చి కొత్త పార్షియల్ చేయించుకుంటే ప్రిస్క్రిప్షనే లేదు, అప్పుడు ఇటు డెంటిస్టుల చట్టమూ అటు ఈ రూల్సూ రెండూ మీకు ఎదురవుతాయి. అలాగే ముందుగానే సైజుల వారీగా చేసి స్టాక్ పెట్టుకునే నైట్ గార్డులు, ట్రేలు కస్టమ్ మేడ్ కిందికి రావు.

మీరు కొనే జిర్కోనియా బ్లాంకులు, అలాయ్, అక్రిలిక్, ప్రింటింగ్ రెజిన్ ఇవి మాత్రం లైసెన్స్ ఉన్న తయారీదారు లేదా దిగుమతిదారు దగ్గర్నుంచే రావాలి. డబ్బా మీద లాట్ నంబర్ని కేసు చీటీ మీద రాసిపెట్టుకోండి. అలైనర్లు (పళ్ళ వరస సరిచేసే పారదర్శక తొడుగులు) ప్రింట్ చేసేవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూడాలి, నోట్లో పెట్టడానికి పనికొస్తుందని లేబుల్ మీద లేని మోడల్ రెజిన్‌తో నోట్లో పెట్టే వస్తువు చేయకూడదు. యూరప్‌లో అయితే ప్రతి కస్టమ్ మేడ్ పరికరంతో తయారీదారు ప్రకటన ఒకటి రాసి, పత్రాలు 10 ఏళ్లు దాచాలి, ఇంప్లాంట్ రకం అయితే 15 ఏళ్లు. మన దగ్గర ఎవరూ అడగకపోయినా అలాంటి ఒక చిన్న స్లిప్ కేసుతో పంపితే మీకే మంచిది.

ఇక వినియోగదారుల చట్టం. వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టంలో ఉత్పత్తి బాధ్యత మీద ప్రత్యేక అధ్యాయం పెట్టారు, తయారీ లోపం వల్ల హాని జరిగితే తయారుచేసినవాడినీ పార్టీగా లాగొచ్చు. ఆ రోజు మీ దగ్గర ఉండాల్సినవి ఆ చీటీ, ఆ లాట్ నంబరు.

ఇంకో మాట, 2023లో పార్లమెంటు జాతీయ డెంటల్ కమిషన్ చట్టం చేసింది, 1948 చట్టం స్థానంలోకి అది వస్తుంది. ఏ సెక్షన్ ఏ తేదీ నుంచి అన్నది కేంద్రం నోటిఫికేషన్‌తో నిర్ణయిస్తుంది, కాబట్టి గెజిట్ చూస్తూ ఉండండి. చదువుకి, కాలేజీల తనిఖీకి, నీతి నియమాలూ రిజిస్ట్రేషన్‌కి మూడు బోర్డులు పెట్టారు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు రెన్యూవల్ గడువు దాటకుండా, అడ్రసు మారితే కౌన్సిల్‌లో మార్పించుకుంటూ ఉండండి, రికార్డులు మారే సమయంలో పాత ఎంట్రీ సరిగ్గా లేనివాళ్లే ఇబ్బంది పడతారు.

బెంచ్‌మీద

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. లేబుల్ సంగతి నాకు అసలు తెలియదు. రెండు విషయాలు మిగిలాయి. ఒకటి, డాక్టర్లు వాట్సాప్‌లో పంపే మెసేజ్‌ని చీటీగా లెక్కపెట్టొచ్చా? రెండు, స్కాన్‌కి కుర్రాణ్ణి పంపనంటే ఆ డాక్టరు గారు వేరే ల్యాబ్ చూసుకుంటానన్నారు. నెలలో పెద్ద భాగం ఆయన పనే. ఏం చెయ్యమంటారు?

ఫైలుపని

వాట్సాప్ మెసేజ్ ఏమీ లేకపోవడం కంటే మేలు, కానీ దాన్ని అలా వదిలెయ్యకండి. ఫోన్ పోతే సాక్ష్యం పోతుంది, డిలీట్ చేస్తే పోతుంది. మీరే ఒక ప్రింటెడ్ ఫారం చేసి అన్ని క్లినిక్‌లకీ పుస్తకాలుగా ఇవ్వండి. నింపి, సంతకం పెట్టి ఇంప్రెషన్‌తో పంపమనండి. అత్యవసరంగా మెసేజ్ మీద మొదలుపెట్టినా డెలివరీ లోపు సంతకం ఉన్న ఫారం రావాలని పెట్టుకోండి. స్కాన్ ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్‌లలో డాక్టర్ లాగిన్‌తో వచ్చే ఆర్డర్ షీట్ ఉంటుంది, దాన్ని పీడీఎఫ్ చేసి కేసు నంబరుతో దాచండి.

పళ్ళడాక్టర్

రెండో దానికి నేను చెప్తా. ఆ డాక్టర్‌కి కావాల్సింది టైమ్ కలిసిరావడం. దానికి చట్టం ఒప్పుకునే దారి ఉంది. స్కానర్ ల్యాబ్‌దే అయినా పర్వాలేదు, క్లినిక్‌లో పెట్టండి. మీ మనిషి వచ్చి మిషన్ సెట్ చేస్తాడు, క్యాలిబ్రేట్ చేస్తాడు, స్క్రీన్ దగ్గర కూర్చుని "డాక్టర్ గారూ డిస్టల్ (వెనక) వైపు మార్జిన్ పడలేదు, అటు ఇంకోసారి తిప్పండి" అని చెప్తాడు, అక్కడికక్కడే ఫైలు సరిచూసి ఓకే అంటాడు. నోట్లో చెయ్యి మాత్రం డాక్టర్‌ది. నా క్లినిక్‌లో ఇలాగే జరుగుతుంది, రిపీట్ స్కాన్లు చాలా తగ్గాయి, ఎందుకంటే ఏది కనబడాలో నాకంటే ల్యాబ్ అబ్బాయికే బాగా తెలుసు. ఇలా చెప్పి చూడండి, "చెయ్యను" అనే మాటకంటే "ఇలా చేద్దాం" అంటే వింటారు. అప్పటికీ వినకపోతే పోనివ్వండి అనడం నాకు తేలికే, నష్టం మీది అని నాకు తెలుసు, కానీ ఆ పనితో వచ్చే డబ్బు మీ రిజిస్ట్రేషన్ కంటే పెద్దది కాదు.

మోడల్‌రూమ్

దానికి తోడు రిపేర్లకి నేను చెప్పే పద్ధతి ఇది. ఎవరైనా విరిగిన సెట్టు నేరుగా తెస్తే గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపకు, పెద్దవాళ్లు నడిచి వచ్చి ఉంటారు. ముక్కలు అన్నీ ఉన్నాయో లేదో చూసి, చిన్న ముక్క ఇంట్లో పడి ఉంటే పారెయ్యకుండా తెమ్మని చెప్పు, ఇంట్లో జిగురు పెట్టొద్దని చెప్పు. నోరు తెరవమనకు, సెట్టు పెట్టి చూడకు. వాళ్ల డాక్టర్‌కి నువ్వే ఫోన్ చేసి "మీ పేషెంట్ వచ్చారు, పంపుతున్నా, చూసి చీటీ రాయండి" అను. వాళ్లకి డాక్టర్ అంటూ లేకపోతే దగ్గర్లో ఉన్న రెండు మూడు క్లినిక్‌ల పేర్లు చెప్పు, ఒక్కరి పేరే చెప్పి కమీషన్ మాట మాత్రం తేవద్దు. చీటీతో వచ్చిన రిపేర్‌ని ఆ రోజే ముందు చేసిపెట్టు, పళ్ళు లేకుండా ఉండటం వాళ్లకి కష్టం. చీటీలో రీలైనింగ్ ఇంప్రెషన్ కూడా ఉందా చూసుకో, ఉంటే ఒకే ఫ్లాస్క్‌లో రెండూ అయిపోతాయి. అయ్యాక సెట్టు పేషెంట్ చేతికి ఇవ్వకు, క్లినిక్‌కే పంపు.